పొడుగు ఓట్‌గడ్డి (అర్హెనాథెరం ఎలాటియస్)

ఐరోపాలో ఎండుగడ్డి కోసం ఉంచే బయళ్ళలో, రోడ్ల అంచున, రైలు కట్టల మీద నడుమెత్తు నుంచి మనిషెత్తు దాకా పెరిగే బహువార్షిక గడ్డి ఇది. శాస్త్రీయ నామం అర్హెనాథెరం ఎలాటియస్. కుటుంబం పోయేసీ, ఉపకుటుంబం పూయిడే. సహజ నివాసం ఐరోపాలో చాలా భాగం, ఉత్తర ఆఫ్రికా, పశ్చిమాసియాలో ఇరాన్ వరకు. పశుగ్రాసంగా ఉత్తర అమెరికాకూ, ఆస్ట్రేలియాకూ, న్యూజిలాండుకూ తీసుకుపోయారు. ఫ్రెంచివాళ్ళు ఫ్రొమాంతాల్ అంటారు, జర్మన్లు గ్లాట్‌హాఫర్ అంటారు. తెలుగులో దీనికి వాడుక పేరు లేదు. చల్లటి వాతావరణంలో పెరిగే గడ్డి కనుక మన మైదానాల్లో దానితో ఎవరికీ పని పడలేదు. ఈ వ్యాసంలో పొడుగు ఓట్‌గడ్డి అని వ్యవహరిద్దాం.

ఇప్పుడు పొట్లాల్లో మన వంటిళ్ళకు వస్తున్న ఓట్స్ అవీనా సటైవా అనే ఏకవార్షిక పంట గింజలు. పొడుగు ఓట్‌గడ్డి దానికి దగ్గర చుట్టమే గాని, గింజ కోసం పండించదగ్గది కాదు. ఓట్‌గడ్డి అనే పేరు ఇంకా చాలా మొక్కలకు ఉంది. వాటిలో అవీనాకు నిజంగా బంధువులెవరు, కంకి పోలికతో ఆ పేరు దక్కించుకున్నవెవరు అన్నది తేలడానికి రెండున్నర శతాబ్దాలు పట్టింది. గడ్డిజాతుల వర్గీకరణ ఎలా నడిచిందో చూడాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

మొక్క రూపం

దుబ్బు కడుతుంది, కానీ దర్భలాగా బిగుతుగా కాదు. కాడలు కాస్త ఎడం ఎడంగా లేస్తాయి. సాధారణంగా 50 నుంచి 150 సెం.మీ. ఎత్తు, సారవంతమైన నేలలో 180 దాకా. వేర్లు లోతుగా దిగుతాయి, అందుకే వేసవి ఎద్దడిని ఓర్చుకుంటుంది. వాటికి పసుపు ఛాయ ఉంటుంది. పూతకు రాని మొక్కను గుర్తుపట్టడానికి ఈ రంగు అక్కరకొస్తుంది. ఆకులు బల్లపరుపుగా, 10 నుంచి 40 సెం.మీ. పొడవు, 4 నుంచి 10 మి.మీ. వెడల్పు ఉంటాయి. ఆకు, తొడుగు కలిసే చోట 1 నుంచి 3 మి.మీ. పొడవున పల్చటి పొర కనిపిస్తుంది. దాన్ని జిహ్విక అంటారు. ఆకు కొంచెం చేదు. అలవాటు లేని పశువులు మొదట్లో ముట్టకపోవడానికి ఆ చేదే కారణం. ఇతర గడ్డితో కలిపి ఎండబెట్టి వేస్తే తినేస్తాయి.

వెన్ను 10 నుంచి 30 సెం.మీ. పొడవుంటుంది. కొమ్మలు కణుపు కణుపు దగ్గర గుంపుగా పుడతాయి, పూత సమయంలో విచ్చుకుని తర్వాత మళ్ళీ దగ్గరకు ముడుచుకుంటాయి. లేత ఆకుపచ్చ మీద వెండి మెరుపు, ఒక్కోసారి ఊదా ఛాయ. బ్రిటన్‌లో జూన్, జూలై నెలల్లో పూస్తుంది.

గడ్డిజాతిని నిర్ణయించేది మాత్రం ఎత్తూ కాదు, రంగూ కాదు; చిరుకంకి. వెన్ను కొమ్మల చివర వేలాడే ఈ చిన్న పొట్లంలోనే పువ్వులుంటాయి. పొడుగు ఓట్‌గడ్డి చిరుకంకి 7 నుంచి 11 మి.మీ. ఉంటుంది. బయట రెండు తుషాలు, అంటే రక్షక పొరలు, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. చిన్నదానికి ఒకే ఈనె, పెద్దదానికి మూడు. వాటి లోపల రెండు పువ్వులు. కింది పువ్వులో మూడు కేసరాలు మాత్రమే ఉంటాయి, అండాశయం ఎదగదు. అది మగ పువ్వు. పై పువ్వులో కేసరాలూ అండాశయమూ రెండూ ఉంటాయి. గింజ కట్టేది అదొక్కటే. కింది మగ పువ్వు పొట్టు వీపు మీద, అడుగుభాగం నుంచి, 10 నుంచి 20 మి.మీ. పొడవైన శూకం లేస్తుంది. రైతులు కంకి మీసం అనేది దీన్నే. దాని కింది సగం తాడులా మెలి తిరిగి ఉంటుంది, నడుమ మోకాలిలా వంగుతుంది. పై పువ్వుకు శూకం ఉండదు, లేదా చివర ఒక పొట్టి ముల్లు ఉంటుంది.

గింజ కట్టే పువ్వుకు మీసం లేకపోవడం, గింజ కట్టని పువ్వుకు అంత పెద్ద మీసం ఉండటం చూడగానే అసంబద్ధంగా అనిపిస్తుంది. పండిన తర్వాత జరిగేది గమనిస్తే ఆ ఏర్పాటు అర్థమవుతుంది. రెండు పువ్వులూ విడిపోవు, జంటగానే రాలతాయి. తడి తగిలితే శూకం మెలి విప్పుకుంటుంది, ఆరితే మళ్ళీ మెలి పడుతుంది. పగటి ఎండకూ రాత్రి మంచుకూ ఇలా తిరుగుతూ, మోకాలు నేలకు తన్నుకుంటూ, గింజను మట్టి నెర్రెల్లోకి నెడుతుంది. పుప్పొడి రాల్చాక మగ పువ్వుకు వేరే పనేమీ మిగలదు. అయినా దాని మీసం పక్క పువ్వు గింజకు వాహనంగా పనిచేస్తుంది. పుప్పొడిని గాలి మోస్తుంది, సంపర్కం ఎక్కువగా వేరే మొక్కలతోనే జరుగుతుంది. పొట్టుతో సహా గింజ బరువు సుమారు 3 మి.గ్రా. గింజకు సుప్తావస్థ అంటూ పెద్దగా లేదు. రాలిన ఏడాదే మొలుస్తుంది. మట్టిలో ఏళ్ళ తరబడి విత్తనం నిల్వ ఉండదు. పాత మొక్కలన్నీ పోతే ఈ గడ్డి ఆ చోటికి మళ్ళీ బయటి నుంచి రావాల్సిందే.

గడ్డలు కట్టే ఉపజాతి

కొన్ని మొక్కల్లో కాడ అడుగున ఉన్న కణుపు మధ్యమాలు ఉబ్బి, 5 నుంచి 10 మి.మీ. లావున చిన్న చిన్న గడ్డలవుతాయి. ఒకదాని మీద ఒకటి గొలుసుకట్టుగా రెండు నుంచి ఎనిమిది దాకా ఉంటాయి. పీకి చూస్తే తుంగ గడ్డలు గుర్తుకొస్తాయి. అయితే తుంగలో గడ్డలు నేలలో అడ్డంగా పాకే కాడల మీద పుడతాయి, ఇక్కడ నిలువు కాడే ఉబ్బుతుంది. ఈ రకాన్ని బల్బోసం అనే ఉపజాతిగా లెక్కిస్తారు. దుక్కి దున్నే పొలాల్లో ఇది మొండి కలుపు. నాగలి గొలుసును తెంపినకొద్దీ ఒక్కో గడ్డా ఒక్కో మొక్కవుతుంది. గడ్డలు లేని ఎలాటియస్ ఉపజాతి దున్నిన నేలలో అలా నిలదొక్కుకోలేదు.

ఈ రెండు ఉపజాతుల మధ్య గీత అంత స్పష్టం కాదు. కొద్దిగా ఉబ్బిన అడుగుకణుపులున్న మధ్యరకం మొక్కలు చాలాచోట్ల కనిపిస్తాయి. కాబట్టి కొందరు దీన్ని వేరే జాతిగా, కొందరు ఉపజాతిగా, మరికొందరు కేవలం రకంగా రాశారు. ఉపజాతి అనడమే సబబని నాకనిపిస్తుంది. లక్షణం వంశపారంపర్యంగా వస్తుంది, పొలంలో దానికి ప్రయోజనమూ ఉంది, కానీ రెండు జనాభాలూ ఒకదానితో ఒకటి కలవకుండా లేవు. తెల్ల చారల ఆకులున్న ఒక తోట రకం కూడా ఈ ఉపజాతి నుంచే వచ్చింది. ఎండలు ముదిరితే అది వాడిపోయి, చల్లబడ్డాక తిరిగి చిగురిస్తుంది.

పురావస్తు శాస్త్రవేత్తలకు ఈ గడ్డలు మరో రకంగా పరిచయం. బ్రిటన్‌లోని కంచుయుగపు దహన సమాధుల్లో కాలి బొగ్గైన ఈ గడ్డలు పలుచోట్ల దొరికాయి. చితి రాజేయడానికి ఎండుగడ్డిని వేళ్ళతో సహా పీకి వేసి ఉంటారనీ, మంట పాకకుండా చితి చుట్టూ గడ్డి చెక్కినప్పుడు అవి నిప్పులో పడి ఉంటాయనీ రెండు వివరణలున్నాయి. ఏది నిజమైనా ఒక సంగతి తెలుస్తుంది. ఈ గడ్డి మేపును తట్టుకోదు కాబట్టి, ఆ చోట పశువులు తిరగని పొడుగు గడ్డి అప్పట్లో ఉండి ఉండాలి.

కొడవలిని తట్టుకుంటుంది, మేపును కాదు

ఈ మొక్క జీవావరణం అంతా పై శీర్షికలోనే ఉంది. చిగురు మొగ్గలు నేలకు అంటుకుని కాక కాస్త పైకి ఉంటాయి, ఆహార నిల్వలు కాడ మొదట్లో ఉంటాయి. పశువులు వారం వారం కొరుకుతుంటే, తొక్కుతుంటే ఆ నిల్వలు అయిపోయి మొక్క చస్తుంది. ఏడాదికి ఒకటి రెండు కోతలైతే మాత్రం తేరుకుని, పక్కనున్న పొట్టి గడ్డిని నీడతో అణచి, బయలంతా ఆక్రమిస్తుంది. అసలే కోయకుండా వదిలేసిన రోడ్డు వారల్లోనూ దీనిదే రాజ్యం. బ్రిటన్ వృక్ష సముదాయాల జాతీయ వర్గీకరణలో, మధ్యస్థ సారం ఉన్న నేలల గడ్డిబయళ్ళలో మొదటిదానికి ఈ మొక్క పేరే పెట్టారు.

మధ్య ఐరోపాలో ఈ సంబంధం ఇంకా గట్టిది. వృక్ష సముదాయాలకు పేర్లు పెట్టే పద్ధతిలో మైదాన ప్రాంతపు కోతగడ్డి బయళ్ళన్నిటినీ అర్హెనాథెరియన్ అంటారు. ఆ పేరు 1926లో వృక్షశాస్త్రజ్ఞుడు కోహ్ పెట్టింది. ఐరోపా సమాఖ్య ఆవాస పరిరక్షణ జాబితాలో 6510 సంఖ్యతో ఉన్నవి ఇవే. కొండల మీదికి వెళ్ళేకొద్దీ పొడుగు ఓట్‌గడ్డి తగ్గి, దాని చోట ట్రైసెటం ఫ్లావెసెన్స్ అనే పసుపు ఓట్‌గడ్డి వస్తుంది. జర్మనీలో జేనా నగరం దగ్గర జీవవైవిధ్యం మీద 2002లో మొదలైన పెద్ద క్షేత్ర ప్రయోగానికి ఎంచుకున్న 60 జాతులూ ఈ రకం బయళ్ళ నుంచి తీసుకున్నవే.

జీవావరణ శాస్త్రంలో ఈ గడ్డికి ఇంకో రెండు ప్రయోగాల వల్ల పేరొచ్చింది. ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ దగ్గర లాస్, గిల్బర్ట్ 1856లో మొదలుపెట్టిన పార్క్ గ్రాస్ ప్రయోగం ఇప్పటికీ సాగుతోంది. ఒకే బయలును మళ్ళుగా విభజించి ఏటేటా వేర్వేరు ఎరువులు వేస్తారు. నత్రజని దండిగా వేసి, సున్నంతో పులుపు తగ్గించిన మళ్ళలో పొడుగు ఓట్‌గడ్డి మిగతావాటిని తొక్కేసి పైకొచ్చింది. సున్నం పడక అమ్మోనియా ఎరువుతో పులిసిపోయిన మళ్ళలో అది నిలవలేదు. వేరే గడ్డి ఆ చోటు తీసుకుంది. ఎరువు పెరిగితే గడ్డి పెరుగుతుంది గాని జాతుల సంఖ్య పడిపోతుందన్న సంగతికి ఈ మళ్ళు ఎప్పుడూ చూపించే సాక్ష్యం.

రెండోది జర్మనీలోని హోహెన్‌హైమ్‌లో హైన్జ్ ఎలెన్‌బెర్గ్ 1950ల మొదట్లో చేసినది. నేలమట్టం వాలుగా ఉండే తొట్లలో భూగర్భజలం ఒక చివర పైపైన, మరో చివర లోతున ఉండేలా చేసి గడ్డిజాతులను వేశాడు. విడివిడిగా వేస్తే దాదాపు అన్నీ మధ్యస్థ తేమలోనే బాగా పెరిగాయి. కలిపి వేస్తే మాత్రం ఆ మధ్య చోటును పొడుగు ఓట్‌గడ్డి దక్కించుకుంది. బ్రోమస్ ఎరెక్టస్ పొడి చివరకూ, అలోపెక్యూరస్ ప్రాటెన్సిస్ తడి చివరకూ జరిగిపోయాయి. పొడి నేలలో కనిపించే మొక్కకు పొడి నేలే ఇష్టమని చెప్పలేం, మంచి చోటు నుంచి తరిమేస్తే అక్కడికి చేరి ఉండవచ్చు. ఆ తేడాను ఇంత సూటిగా చూపిన ప్రయోగాలు తక్కువ.

ఇల్లు వదిలి వెళ్ళిన చోట ఇదే బలం చేటు చేసింది. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో విల్లమెట్ లోయ గడ్డిమైదానాల్లో ఇది చొరబడింది. అక్కడి కింకెయిడ్ లూపిన్ మొక్కను నీడతో కప్పేస్తుంది. అంతరించిందనుకున్నాక 1989లో మళ్ళీ కనబడిన ఫెండర్స్ బ్లూ సీతాకోకచిలుక ప్రధానంగా ఆ లూపిన్ మీదే గుడ్లు పెడుతుంది. అందువల్ల ఒక గడ్డిని అదుపు చేయడం ఒక కీటకాన్ని కాపాడే పనిలో భాగమైంది. విచిత్రమేమంటే అక్కడ వాడే ఉపాయాల్లో ఒకటి కోతే. గింజ పట్టకముందు, నిల్వలు అడుగంటిన వేళ చూసి ఏటా కోస్తే పొడుగు గడ్డి చిక్కుతుంది, కత్తికి అందని పొట్టి స్థానిక మొక్కలు బతికిపోతాయి.

రోగాల విషయానికొస్తే, ఓట్ పంటకు వచ్చే కిరీటపు తుప్పు తెగులు దీనికీ వస్తుంది. కాటుక తెగులూ ఉంది. పక్సీనియా అర్హెనాథెరి అనే తుప్పు శిలీంధ్రం తన జీవితంలో కొంతభాగం ఈ గడ్డి మీదా, కొంతభాగం బెర్బెరిస్ పొద మీదా గడుపుతుంది. పొద మీద ఉన్నప్పుడు కొమ్మలు చీపురుకట్టల్లా గుబురుగా పెరుగుతాయి.

పేరు ఎలా కుదిరింది

లినేయస్ 1753లో దీన్ని అవీనా ఎలాటియర్ అన్నాడు. విడివడిన వెన్ను, పెద్ద తుషాలు, వీపు మీద శూకం ఉంటే ఆయనకు చాలు, అవీనాలో చేర్చేశాడు. 1771 ప్రాంతంలో స్కోపోలి మగ పువ్వును పట్టించుకుని, దీన్ని హోల్కస్‌లోకి మార్చాడు. హోల్కస్ అప్పట్లో మగ పువ్వులున్న రకరకాల గడ్డిజాతులను కుప్పపోసిన ప్రజాతి. మన జొన్నను కూడా లినేయస్ అందులోనే హోల్కస్ సోర్ఘం అని పెట్టాడు. మోంక్ 1794లో దాన్ని బయటికి తీశాకే జొన్నకు సొంత ప్రజాతి దక్కింది. స్కోపోలి చూపు మంచిదే, తేల్చిన చోటు తప్పు. హోల్కస్‌లో కింది పువ్వు ద్విలింగం, పై పువ్వు మగది. పొడుగు ఓట్‌గడ్డిలో సరిగ్గా తలకిందులు.

ఆ తలకిందుల అమరికనే ఆధారం చేసుకుని పాలిసో ద బోవా 1812లో అర్హెనాథెరం అనే కొత్త ప్రజాతిని స్థాపించాడు. మగ, శూకం అనే అర్థాలున్న రెండు గ్రీకు మాటలతో ఆ పేరు కట్టాడు. ఈయన జీవితం గడ్డిపరకల కంటే సాహసాలతో నిండినది. పశ్చిమాఫ్రికాలో మొక్కలు సేకరించాడు, హైతీ విప్లవంలో చిక్కుకుని సేకరణలు పోగొట్టుకున్నాడు, ఫిలడెల్ఫియా చేరి పొట్టకూటికి సర్కస్ బృందంలో వాద్యం వాయించాడు. ప్రజాతిని పెట్టాడు గాని జాతి పేరును అవెనేసియం అన్నాడు. నామకరణ నియమాల ప్రకారం లినేయస్ ఇచ్చిన పాత విశేషణానిదే హక్కు. దాన్ని కొత్త ప్రజాతితో కలిపి అర్హెనాథెరం ఎలాటియస్‌గా అచ్చు వేసినవాళ్ళు ప్రాగ్‌కు చెందిన అన్నదమ్ములు యాన్ ప్రెస్ల్, కారెల్ ప్రెస్ల్. అది 1819లో, బొహీమియా మొక్కల మీద వాళ్ళు రాసిన గ్రంథంలో. పాత పుస్తకాల్లో ఈ ఘనతను 1823 నాటి మెర్టెన్స్, కోహ్‌లకు (పైన చెప్పిన కోహ్ కాదు) ఇవ్వడం కనిపిస్తుంది. ముందు వచ్చింది ప్రెస్ల్ సోదరులదే.

నేడు ఈ ప్రజాతిలో ఆరేడు జాతులను గుర్తిస్తున్నారు, ఎక్కువ మధ్యధరా ప్రాంతానివి. అర్హెనాథెరం కాల్డెరే కేనరీ దీవుల్లోని టెనెరిఫేకు పరిమితం. మౌలిక క్రోమోజోముల సంఖ్య 7. ఎలాటియస్ మొక్కల్లో సాధారణంగా 28 ఉంటాయి, అంటే చతుస్థితికం. 14 మాత్రమే ఉన్న ద్వయస్థితిక మొక్కలు పశ్చిమ మధ్యధరా తీరాల్లో దొరుకుతాయి. ప్రజాతి పుట్టిల్లు ఆ వైపేనని అనుకోవడానికి అదొక ఆధారం.

తెగల తగాదా

ఓట్, దాని పోలిక ఉన్న గడ్డిజాతులన్నిటినీ అవీనే అనే తెగగా కట్టడం 19వ శతాబ్దం మొదట్లోనే స్థిరపడింది. చిరుకంకిని పూర్తిగా కప్పే పొడుగు తుషాలు, వీపు మీద వంగిన శూకం ఆ తెగకు గుర్తులు. పొట్టి తుషాలు, శూకం లేకపోవడం లేదా చివర ఉండటం పోయే తెగకు గుర్తులు. ఈ పద్ధతి నూట యాభై ఏళ్ళకు పైగా పాఠ్యపుస్తకాల్లో నడిచింది. 1990 నుంచి హరితరేణువుల డీఎన్‌ఏను పోల్చడం మొదలయ్యాక గోడ కూలింది. పొట్టి తుషాలున్నవి కొన్ని ఓట్ గుంపులో, పొడుగు తుషాలున్నవి కొన్ని అవతలి గుంపులో తేలాయి. తుషం పొడవు ఒకటి కంటే ఎక్కువసార్లు మారిన లక్షణమన్నమాట. ఇప్పుడు ఎక్కువమంది రెండింటినీ కలిపి పోయే అనే ఒకే తెగగా చూస్తారు. అవీనా, అర్హెనాథెరం దానిలో అవెనినే అనే ఉపతెగలో పక్కపక్కనే ఉన్నాయి. స్కోపోలి, పాలిసో దూరం జరిపిన మొక్కను డీఎన్‌ఏ మళ్ళీ లినేయస్ అనుకున్న ఇంటి గుమ్మం దాకా తెచ్చింది, లోపలికి మాత్రం రానివ్వలేదు.

అవీనాకూ దీనికీ పెద్ద తేడా ఆయుష్షులో ఉంది. అవీనా జాతులన్నీ ఏకవార్షికాలే, అల్జీరియా కొండల్లో పెరిగే అవీనా మాక్రోస్టాకియా తప్ప. ఆ ఒక్కటీ బహువార్షికం, పైగా పరపరాగ సంపర్కం చేసేది, 28 క్రోమోజోములున్నది. 42 క్రోమోజోములున్న పంట ఓట్‌తో దాన్ని సంకరం చేయడానికి ప్రయత్నాలు జరిగాయి.

మిగతా బహువార్షిక ఓట్‌గడ్డిజాతులది మరీ చిక్కు కథ. నీలి ఆకుల అందం కోసం తోటల్లో పెంచే నైరుతి ఆల్ప్స్ గడ్డి హెలిక్టోట్రైకాన్ సెంపర్‌వైరెన్స్ అర్హెనాథెరంకు, అవీనాకు నిజంగా దగ్గరిదే. దానితో కలిపి ఒకే ప్రజాతిలో ఉంచిన నూగు ఓట్‌గడ్డి, పచ్చికబయలు ఓట్‌గడ్డి మాత్రం దూరపువని తేలింది. వాటి ఆకులో నడి ఈనెకు రెండు పక్కలా చెరొక గాడి ఉంటుంది, ఆకు చివర పడవ ముక్కులా ఉంటుంది. ఈ తేడాను చూసి ముందే అనుమానించిన వృక్షశాస్త్రజ్ఞులూ ఉన్నారు. నూగు ఓట్‌గడ్డి అవెన్యూలా ప్యూబెసెన్స్‌గా ఒంటరిగా మిగిలింది. తక్కినవాటికి సెవిల్ వృక్షశాస్త్రజ్ఞుడు రొమేరో సార్కో 2011లో హెలిక్టోక్లోవా అనే ప్రజాతి పెట్టాడు. ఐబీరియా అర్హెనాథెరం ఉపజాతులను వర్గీకరించినవాడూ ఆయనే. అమెరికాలో ఓట్‌గడ్డి అని పిలిచే డాంథోనియా అయితే ఉపకుటుంబమే వేరు.

ఈ కదలిక మన దక్షిణాదినీ తాకింది. నీలగిరి కొండల పచ్చికబయళ్ళలోనూ శ్రీలంక ఎత్తులలోనూ పెరిగే ఒక బహువార్షిక ఓట్‌గడ్డిని మొదట అవీనా ఆస్పెరా అన్నారు, తర్వాత హెలిక్టోట్రైకాన్ ఆస్పెరం అన్నారు. జర్మనీకి చెందిన రోజర్, వోల్క్ 2013లో ఆఫ్రికా, ఆసియా కొండల జాతులను ట్రైసెటాప్సిస్ అనే కొత్త ప్రజాతిలోకి వేరుచేసినప్పుడు ఇదీ అందులో చేరి ట్రైసెటాప్సిస్ ఆస్పెరా అయింది. మన వృక్షజాల గ్రంథాల్లో చాలావాటిలో ఇది ఇప్పటికీ హెలిక్టోట్రైకాన్ పేరుతోనే కనిపిస్తుంది. వాటిని సంప్రదించేవారు ఈ మూడు పేర్లూ ఒకే గడ్డివని గుర్తుంచుకుని వెతకాలి.